ప్రొపెల్లర్ తిరగాలి, విమానం నిలవాలి
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లో నౌకాదళ విన్యాసాలు జరిగినప్పుడు చేతక్ హెలికాప్టర్‌ను 1/2000 సెకను షట్టర్ వేగంతో (అంటే కెమెరా తెర అంతసేపే తెరుచుకునేలా) ఫొటో తీశాను. ప్రతి గీతా స్పష్టంగా వచ్చింది కానీ, చూస్తే దారం కట్టి వేలాడదీసిన బొమ్మలా ఉంది. ఎప్పటికైనా డకోటా, టైగర్ మాత్ వంటి పాత విమానాలను ఎగురుతుండగా తీయాలని నా కోరిక. వాటికి ఏ వేగం వాడాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సమాధానం: చేతక్‌తో మొదలుపెట్టడం మంచిదే. 1959లో ఫ్రాన్స్‌లో తొలిసారి ఎగిరిన అలూయెట్ 3 నమూనాను మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ ఆ పేరుతో తయారు చేసింది కనుక, మీరు తీసింది కూడా పాతతరం యంత్రమే. దాని రోటర్, అంటే పైన తిరిగే బ్లేడ్ల చక్రం, నిమిషానికి సుమారు 350 సార్లు తిరుగుతుంది. అంటే 1/2000 సెకను వ్యవధిలో అది కదిలేది దాదాపు ఒక్క డిగ్రీ మాత్రమే. అందుకే బ్లేడ్లు ఆగిపోయినట్లు కనిపించాయి. అదే 1/125 సెకను పెట్టి ఉంటే 17 డిగ్రీలు తిరిగేది, 1/60 సెకనుకు 35 డిగ్రీలు తిరిగేది. జెట్ విమానాలకు ప్రొపెల్లర్ ఉండదు కనుక 1/2000 వాటికి సరిపోతుంది. పాత విమానాల ఫొటోల్లో మాత్రం ఆ షట్టర్ వేగం జీవం లేకుండా చేస్తుంది.

టైగర్ మాత్‌లో ప్రొపెల్లర్ నేరుగా ఇంజన్‌కే బిగించి ఉంటుంది. నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతున్నదనుకుంటే 1/1000 సెకనులో 12 డిగ్రీలు, 1/250 సెకనులో 48 డిగ్రీలు, 1/125 సెకనులో 96 డిగ్రీలు కదులుతుంది. బ్లేడ్లు రెండే కాబట్టి అర చుట్టు తిరిగితే చాలు, పూర్తి వలయం ఏర్పడుతుంది. 1/60 సెకనుకు అది సాధ్యమే. డకోటా సంగతి వేరు. దాని ఇంజన్‌కూ ప్రొపెల్లర్‌కూ మధ్య గేర్లు ఉండటం వల్ల ఇంజన్ 16 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ 9 చుట్లే తిరుగుతుంది. ఇంజన్ రెండు వేల చుట్ల వద్ద ఉన్నప్పుడు ప్రొపెల్లర్ పదకొండు వందల పైచిలుకు మాత్రమే తిరుగుతుంది కనుక, అంత పెద్ద విమానానికి చిన్న టైగర్ మాత్ కన్నా తక్కువ షట్టర్ వేగం అవసరమవుతుంది. చాలామంది విమానం ఎంత వేగంగా పోతున్నదో చూసి షట్టర్ వేగాన్ని నిర్ణయిస్తారు. చూడవలసింది ప్రొపెల్లర్ ఎంత వేగంగా తిరుగుతున్నదో.

నా అభిప్రాయంలో పూర్తి వలయం కోసం పట్టుబట్టనక్కరలేదు. బ్లేడు ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో తెలిసేటంత చాపం కనబడితే విమానం బతికే ఉన్నదని చూసేవారి కంటికి తెలుస్తుంది. మొదట 1/250తో తీసి, చేయి కుదురుకున్నాక 1/160కి, ఆపైన 1/125కి దిగండి. ఇంత తక్కువ షట్టర్ వేగంలో విమానం స్పష్టంగా రావాలంటే కెమెరా దానితోపాటే కదలాలి. విమానం మీ ఎదుటికి వచ్చే చోటు ఏదో ముందే అంచనా వేసుకొని, పాదాలను అటువైపు ఉంచి, నడుమును మాత్రం విమానం వచ్చే దిక్కుకు తిప్పి నిలబడండి. మోచేతులను పక్కలకు ఆనించి, పైలట్ కూర్చునే చోటును ఫోకస్ బిందువు మీద నిలిపి, నడుముతో తిరుగుతూ తీయండి. షట్టర్ నొక్కిన తరువాత కూడా ఆ కదలికను ఆపకూడదు. ఇలా కెమెరాను తిప్పుతూ తీయడాన్నే ప్యానింగ్ అంటారు; లెన్స్‌లో దానికి వేరే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే) పద్ధతి ఉంటే దానినే ఎంచుకోండి. తీసిన వాటిలో ఎక్కువ భాగం మసకగా వస్తాయి, అది ఈ పనిలో సహజం.

ఎండలో 1/125 పెడితే కెమెరా అపెర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/16, ఎఫ్/22 దాకా మూసేస్తుంది. అప్పుడు సెన్సర్ మీది ప్రతి ధూళికణమూ ఆకాశంలో మచ్చగా కనిపిస్తుంది. ఐఎస్ఓను (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయిని) 100కు తగ్గించి, అప్పటికీ చాలకపోతే లెన్స్‌లోకి వచ్చే వెలుతురును తగ్గించే ఎన్.డి. ఫిల్టర్ తగిలించడం మేలు.

ప్రశ్న: మన తీరంలో ఏ వేళ వెలుతురు అనుకూలం?
– ఒక పాఠకుడు, పూసపాటిరేగ

సమాధానం: మనకు సముద్రం తూర్పున ఉంది కనుక, ఉదయం ఒడ్డున నిలబడి సముద్రం మీది విమానాన్ని తీస్తే సూర్యుడు ఎదురుగా ఉండి విమానం నల్లటి నీడగా మిగులుతుంది. మధ్యాహ్నం మూడు దాటితే వెలుతురు మన వీపు వెనుక నుంచి పడి విమానం రంగులనూ, రివెట్లనూ చూపిస్తుంది. డిసెంబరులో ఐదున్నరకు ముందే పొద్దు గుంకుతుందని గుర్తుంచుకోండి. తెల్లటి ఆకాశం వెలుతురును కొలిచే కెమెరా మీటరును మోసగిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజరును (ఫొటోకు అందే వెలుతురును) మూడింట రెండు వంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ వరకు పెంచండి; ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు.

ప్రశ్న: ఫోన్‌తో వీడియో తీస్తే ప్రొపెల్లర్ బ్లేడ్లు వంగినట్లు, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోయినట్లు కనిపిస్తున్నాయి. ఎడిటింగ్‌లో సరిచేయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: ఎడిటింగ్‌లో దాదాపు అసాధ్యం, తీసేటప్పుడే జాగ్రత్తపడాలి. ఫోన్ సెన్సర్ దృశ్యాన్ని ఒక్కసారిగా గాక వరుస తరువాత వరుసగా చదువుతుంది. ఆ లోపల బ్లేడు కదిలిపోవడం వల్ల వంగినట్లు నమోదవుతుంది. ఆగినట్లు కనిపించడానికి కారణం వేరు. సెకనుకు 25 ఫ్రేములు తీస్తున్నప్పుడు ప్రొపెల్లర్ నిమిషానికి 1,500 చుట్లు, అంటే సెకనుకు 25 చుట్లు తిరిగితే, ప్రతి ఫ్రేములోనూ బ్లేడు అదే చోట దొరుకుతుంది. మాన్యువల్ సదుపాయం ఉన్న యాప్‌తో షట్టర్‌ను 1/50 వద్ద నిలిపి, ఫోన్‌కు తగిలించే ఎన్.డి. ఫిల్టర్ వాడితే, బ్లేడు అలుక్కుపోయి ఈ రెండు లోపాలూ చాలావరకు మరుగున పడతాయి.

ఒక్క మాట మీరు అడగకపోయినా చెబుతాను: దయచేసి వీడియో మీద పాట పెట్టకండి. పాత విమానానికి ధ్వని సగం రూపం. హార్వర్డ్ అనే పాత శిక్షణ విమానం పైకి లేచేటప్పుడు చేసే గర్జన చాలావరకు ధ్వని వేగానికి చేరువయ్యే ప్రొపెల్లర్ కొసల నుంచి వచ్చేది. దానిని భద్రపరచడం కూడా మన పనే. మైకుకు గాలి తగలకుండా స్పాంజి తొడుగు వేస్తే చాలు.

ప్రశ్న: మా ప్రాంతంలో పాత విమానాలే లేవు. ఎక్కడ చూడగలం, ఈలోగా ఎలా సాధన చేయాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి, టెక్కలి

సమాధానం: ఆర్.కె. బీచ్‌లోని టి.యు.-142 అనే పాత నౌకాదళ విమానం ప్రదర్శనకు ఉంచినదే గాని ఎగరదు. ఎగిరే స్థితిలో ఉన్న టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా భారత వాయుసేన వింటేజ్ విభాగంలో ఉన్నాయి. ఈ డకోటాకు పరశురామ అని పేరు. 2018లో బ్రిటన్ నుంచి స్వయంగా ఎగురుకుంటూ మన దేశానికి చేరింది. 1947 అక్టోబరు 27న సైనికులను శ్రీనగర్‌కు చేర్చిన డకోటాల స్మృతిగా దాని మీద వి.పి. 905 అనే సంఖ్య రాశారు. అక్టోబరు 8న జరిగే వాయుసేన దినోత్సవం సందర్భంగా ఏ నగరంలో విన్యాసాలు పెడుతున్నారో పత్రికల్లో గమనిస్తూ ఉండండి. ప్రజలకు కేటాయించిన చోటు నుంచే తీయండి. వైమానిక స్థావరాల గోడల దగ్గర కెమెరా ఎత్తడం, విన్యాసాల వేళ డ్రోన్ ఎగరవేయడం నేరమే గాక విమానానికే ప్రమాదం.

సాధనకు మీ ఊరికి దగ్గరలోనే తేలినీలాపురం ఉంది. శీతకాలంలో అక్కడికి వచ్చే గూడబాతులు బరువైన పక్షులు, తిన్నగా ఎగురుతాయి, రెక్కలు నిదానంగా ఆడిస్తాయి. వాటిని 1/125 సెకనుతో వెంబడించి, రెక్కల కొసలు అలుక్కుపోతున్నా కన్ను మాత్రం స్పష్టంగా వచ్చేదాకా తీయండి. అది కుదిరిన చేతికి డకోటా కష్టం కాదు. గూళ్లున్న చెట్ల కిందికి వెళ్లకుండా దూరం నుంచే తీయాలి. పక్షులు లేని నెలల్లో హైవే పక్కన భద్రమైన చోట నిలబడి బస్సులను తీసినా నడుము తిప్పడం అలవాటవుతుంది.