పుస్తకాల గురించి రాయబోతున్న నీకు

చిరంజీవికి,

నీ ఉత్తరమూ, దానితో జతచేసిన మూడు పుస్తక పరిచయాలూ అందాయి. పరిచయాలను రెండేసి సార్లు చదివాను. పుస్తకాల గురించి రాయాలంటే ఎలాంటివి చదవాలి, ఎన్ని చదవాలి, నా అభిరుచి సరైనదేనా అని అడిగావు. ఎన్ని అన్న ప్రశ్నను ముందే పక్కన పెట్టేద్దాం. ఏడాదికి యాభై అనో వంద అనో లెక్క పెట్టుకున్నవాళ్ళు తమకు తెలియకుండానే సన్నటి పుస్తకాల వైపు మొగ్గుతారు. లావుపాటి పుస్తకం లెక్కకు అడ్డం వస్తుంది మరి. అభిరుచి సంగతి మాత్రం వివరంగా మాట్లాడుకోవలసినది.

నీ మూడు పరిచయాల్లోనూ "ఏకబిగిన చదివించింది" అన్న మాట ఉంది. ఆ మూడింటిలో ఒక పుస్తకాన్ని నేనూ చదివాను. పది పేజీలకోసారి మూసి, కాసేపు ఊరుకుని, మళ్ళీ తెరవవలసిన పుస్తకం అది. నువ్వూ అలాగే చదివి ఉంటావనీ, మెచ్చుకోవడానికి అందరూ వాడే మాట అదే కనుక అదే రాసి ఉంటావనీ అనుకుంటున్నాను. నీకు నిజంగా ఏం జరిగిందో ఆ మాట కప్పేసింది. ఒక్కో పుస్తకం ఎక్కడ ఆపిందో, ఏ పేజీ దగ్గర నిద్ర పట్టనివ్వలేదో, ఎక్కడ విసుగు పుట్టించిందో నువ్వు మాత్రమే చెప్పగలవు. వెనక అట్ట మీది మాటలు ఎవరైనా రాయగలరు.

అభిరుచి సరైనదా కాదా అన్న అనుమానం వదిలిపెట్టు. చిన్నప్పుడు ఏ పుస్తకాలు చేతికందాయో, ఎవరు చదివి వినిపించారో, ఏ వయసులో ఏ దుఃఖం ఎదురైందో, వాటన్నిటి నుంచీ అది తయారవుతుంది. నాకు నెమ్మదిగా నడిచే నవలలన్నా, ఉత్తరాలూ డైరీలూ ఆత్మకథలన్నా ప్రాణం. అపరాధ పరిశోధన నవలల్లో హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రం నాకు ఎన్నడూ కలగలేదు. అది నా పరిమితే తప్ప ఆ నవలల లోపం కాదు. అందుకే అలాంటి నవల గురించి రాయవలసి వస్తే మొదటి పేరాలోనే ఆ సంగతి చెప్పేస్తాను. నా మాటను ఎంతవరకు తీసుకోవాలో చదివేవారే తేల్చుకుంటారు. "నాకు నచ్చలేదు" అన్నప్పుడు నీ గురించి చెబుతున్నావు, "బాగా లేదు" అన్నప్పుడు పుస్తకం గురించి చెబుతున్నావు. రెండో మాట అనాలంటే పుస్తకంలోంచే సాక్ష్యం చూపించాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేయకుండా ఉండటానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, చదువుతున్నప్పుడే రాసిపెట్టుకోవడం.

16వ శతాబ్దపు ఫ్రెంచి వ్యాసకర్త మొంతేన్ తన జ్ఞాపకశక్తిని బొత్తిగా నమ్మేవాడు కాదు. కొన్నేళ్ళ కిందట శ్రద్ధగా చదివి, అంచుల్లో రాతలు కూడా రాసిన పుస్తకాన్నే కొత్తదనుకుని మళ్ళీ చేతిలోకి తీసుకున్న సందర్భాలు ఆయనకు ఉన్నాయి. ఆ తర్వాత నుంచి పుస్తకం చివర, చదవడం ముగించిన తేదీనీ, మొత్తం మీద తనకు కలిగిన అభిప్రాయాన్నీ రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను ఇంకొంచెం ముందుకెళ్ళి, చదువుతూ చదువుతూనే పేజీ సంఖ్యతో సహా నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఒకసారి ఒక కుటుంబ నవల చదువుతూ ఇలా రాసుకున్నాను: "పే. 112. తల్లి పోయిన రోజు గోడ గడియారం ఆగింది. ఎవరూ పట్టించుకోలేదు. రచయిత్రి కూడా మరచిపోయిందా?" అదే పుటలో, కొన్ని గీతల కింద, మూడు రోజుల తర్వాత పడిన మాట ఇది: "పే. 240. గడియారానికి కూతురు కీ ఇస్తోంది. 112 చూడు." ఆ మధ్యలోని నూట ఇరవై ఎనిమిది పేజీల్లో నాకు అనిపించిన నిస్తేజం ఆ ఇంట్లో గడుస్తున్న కాలమేనని అప్పుడు అర్థమైంది. ఆ రెండు ముక్కలూ రాసుకోకపోయి ఉంటే, "కథనం మధ్యలో కుంటుపడింది" అని నిస్సంకోచంగా రాసి ఉండేవాణ్ణి.

అలాంటి పొరపాటు అంతకు ముందు చేశాను కాబట్టే ఈ అలవాటు గట్టిపడింది. రాయడం మొదలుపెట్టిన తొలిరోజుల్లో, గడువు ముంచుకొస్తోందని ఒక నవలలో చివరి నలభై పేజీలు చదవకుండానే సమీక్ష పంపించాను. కథ చెప్పే మనిషి మాటల్లో పొంతన లేదనీ, రచయిత జాగ్రత్త పడలేదనీ అందులో రాశాను. సమీక్ష అచ్చయిన వారానికి ఒక పాఠకుడి నుంచి కార్డు వచ్చింది. "చివరి అధ్యాయం చదివారా?" అన్న ఒక్క వాక్యం తప్ప అందులో ఏమీ లేదు. అప్పుడు చదివాను. కథ చెప్పే మనిషి మొదటి నుంచీ అబద్ధం చెబుతున్నాడనీ, ఆ పొంతనలేనితనమంతా రచయిత కావాలని పేర్చినదనీ ఆ అధ్యాయంలో ఉంది. తప్పు ఒప్పుకుంటూ ఆ పత్రికకే రాశాను, రచయితకు విడిగా ఉత్తరం రాశాను. అయినా నా సమీక్ష చూసి ఆ నవలను చదవకుండా వదిలేసినవారికి నేనేమీ చేయలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకని పూర్తిచేయని పుస్తకం మీద తీర్పు చెప్పను. మధ్యలో వదిలేయడం తప్పని మాత్రం అనుకోకు. వదిలేసిన పేజీనీ, కారణాన్నీ నోటుపుస్తకంలో రాసి పెట్టు. అరవయ్యో పేజీ దగ్గర వదిలేసిన ఒక పుస్తకం పదకొండేళ్ళ తర్వాత నాకు అత్యంత ఇష్టమైన పుస్తకాల్లో ఒకటైంది. అందులో ఒక్క అక్షరమూ మారలేదు.

కొత్తగా వచ్చినవే చదువుతూ పోవడం వల్ల జరిగే నష్టం గురించి నీకు గట్టిగా చెప్పాలి. చార్లెస్ డార్విన్ 1876లో రాసుకున్న ఆత్మకథలో, ముప్పై ఏళ్ళ వయసు దాకా కవిత్వం తనకెంతో ఆనందమిచ్చేదనీ, తర్వాత చాలా ఏళ్ళుగా ఒక్క పంక్తి కూడా చదవలేకపోతున్నాననీ బాధపడ్డాడు. మళ్ళీ జీవించే అవకాశం ఉంటే వారానికి ఒక్కసారైనా కొంత కవిత్వం చదవడం, కొంత సంగీతం వినడం నియమంగా పెట్టుకునేవాణ్ణని రాశాడు. ఆయన మనసు పరిశోధనకు అలవాటుపడినట్టే సమీక్షకుల మనసు సమీక్షకు అలవాటుపడిపోతుంది. పుస్తకం తెరవగానే మొదటి వాక్యం ఏం రాయాలా అని వెతకడం మొదలవుతుంది. నేను రెండు కొత్త పుస్తకాల మధ్య ఒక పాత పుస్తకం పెట్టుకుంటాను, దాని గురించి ఎక్కడా రాయను. పడుకునే ముందు నాలుగు పద్యాలో ఒక కవితో పైకి చదువుకుంటాను. అవి రాత కోసం కాకుండా చదువుతున్నందువల్లే మిగతా చదువు బతుకుతోందని నా గట్టి నమ్మకం.

ఇంకొక చిన్న విషయం. ఏ ముద్రణ చదివావో, అనువాదమైతే అనువాదకులెవరో తప్పకుండా రాయి. నీ మూడో పరిచయంలో అనువాదకురాలి పేరే లేదు, నువ్వు మెచ్చుకున్న వాక్యాలన్నీ తెలుగులో ఆమె కూర్చినవే. ముద్రణ సంగతికి వస్తే, 1897లో వచ్చిన 'కన్యాశుల్కం' వేరు, గురజాడ బాగా పెంచి తిరగరాసి 1909లో తెచ్చిన 'కన్యాశుల్కం' వేరు. ఏది చదివామో చెప్పకుండా ఆ నాటకం నిడివి గురించి గానీ, పాత్రల గురించి గానీ మాట్లాడితే వినేవారికి అయోమయమే.

ఇప్పుడు నీకొక పని చెబుతాను. నీ రెండో పరిచయంలోని కథల సంపుటిని పెన్సిల్ పట్టుకుని మళ్ళీ చదువు. ఆగిన ప్రతిచోటా పేజీ సంఖ్య వేసి, ఎందుకు ఆగావో ఒక్క వాక్యం రాయి. దాన్ని పరిచయంగా మార్చకుండా, ఆ కాగితాలు ఉన్నవున్నట్టుగా నాకు పంపించు. నా దగ్గరున్న ప్రతిని నేనూ అలాగే మళ్ళీ చదువుతాను. ఇద్దరం ఎక్కడెక్కడ ఆగామో పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో.