తాత తోపుకు పోయే కొడుకు

తిరుపతి నుంచి ఒక తల్లి రాశారు. కొడుక్కి 19 ఏళ్లు, ఇంజనీరింగ్ రెండో ఏడాది. సెలవు దొరికితే చాలు, బండి తీసుకుని దామలచెరువు దగ్గర తాత మామిడి తోపుకు పోతాడు. పాదులు తీస్తాడు, చెట్లకు నీళ్లు కడతాడు, రాత్రి అక్కడే ఆరుబయట పడుకుంటాడు. ఇంట్లో మాత్రం అడిగినదానికే జవాబు. పంపకాల దగ్గర చెడి, తండ్రికీ తాతకూ ఆరేళ్లుగా మాటల్లేవు. "ఈ చెట్ల పిచ్చి మాన్పించేదెట్లా? చదువు పాడవుతుందని టెన్షన్‌గా ఉంది" అని ఆమె ప్రశ్న.

మాన్పించకండమ్మా. ఒక్క సబ్జెక్టూ తప్పలేదని మీరే రాశారు. ఇక చదువు గురించి భయమెందుకు?

ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ర్యాంకుల లెక్కతో గడిపాడు. తర్వాత మీరు మూడు అద్దె ఇళ్లు మారారు. ఏ వీధి వాడిదని చెప్పుకుంటాడు? తోపులో ఏది తోతాపురో, ఏది నీలమో, ఏ చెట్టు ముత్తాత నాటిందో వాడికి తెలుసు. తాను నీళ్లు కట్టిన చెట్టు పూతకొస్తే ఆ సంతోషంలో వాడికీ వాటా ఉంటుంది. అక్కడ వాణ్ణి మార్కులడిగేవాళ్లు లేరు. 2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేల మందిని అడిగి చూశారు. వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చని చోట గడిపేవాళ్లలో, ఆరోగ్యం బాగుందనీ బతుకు తృప్తిగా ఉందనీ చెప్పినవాళ్లు ఎక్కువ. మీవాడు ఆ దారి తనంతట తనే వెతుక్కున్నాడు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో మన ఈ తట్టు కొండల్లోనే. ఇక్కడ పుట్టిన పిల్లల్ని చెట్ల పేర్లు కూడా తెలియకుండా పెంచుతున్నామంటే నాకు కడుపు మండుతుంది.

నిద్ర, తిండి మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. మీరు రాసినదాంట్లో అలాంటివేమీ నాకు కనిపించలేదు.

నాకు కనిపించింది మీ ఇంటాయన. "ముసిలాయన నా కొడుకును తనవైపు తిప్పుకుంటా ఉండాడు" అన్నారట. ఆయన బాధంతా అక్కడుంది. భూమి తగాదా కోర్టుకైనా పోవచ్చు, తప్పులేదు. బతికున్న తండ్రిని పలకరించకపోవడం మాత్రం నా దృష్టిలో తప్పే, అన్యాయం ఎవరిదైనా సరే. పైగా కొడుకు ఇదంతా చూస్తున్నాడు. తండ్రితో మాట్లాడకుండా ఏళ్లు గడపవచ్చని మీ ఇంట్లోనే నేర్చుకుంటున్నాడు. ఆ సంగతి మీ ఆయనతో అనలేక మీరు చెట్ల మీద పడ్డారు.

వచ్చే ఆదివారం మీ మామగారికి సంగటీ పులుసూ కట్టుకుని, కొడుకు బండి వెనక మీరే కూర్చోండి. సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన ఒళ్లు ఎలా ఉందో, మోకాళ్లు ఎంత పట్టేశాయో మీ ఇంటాయన అడగకపోయినా చెప్పండి. ఒకరోజు తండ్రీకొడుకుల్ని అలిపిరి నుంచి కొండకు నడిపించండి. 3,550 మెట్లు. గాలిగోపురం చేరేలోపు ఇద్దరిలో ఒకరు నోరు విప్పక తప్పదు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి తోపుకు పోండి. కొడుకు చేత మాత్రం అటూ ఇటూ కబుర్లు మోయించవద్దు. పంపకాల మాట ఆ రోజు ఎత్తకూడదని మీ ఆయనకూ మామగారికీ ముందే చెప్పండి. దానికి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి వేరే రోజు పెట్టుకోవచ్చు.