గోల్ఫ్‌లో చెక్కు తీసుకుంటే అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడని ఆటగాడి) హోదా పోతుందా?

డాలస్‌లో మీ ఆఫీసు గోల్ఫ్ టోర్నీలో నెట్ స్కోర్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే హ్యాండిక్యాప్ షాట్లు తీసేశాక మిగిలే స్కోర్) మీద గెలిచి 500 డాలర్ల చెక్కు వచ్చిందనీ, అది తీసుకుంటే 25 నిండిన అమెచ్యూర్ల టోర్నీ యూఎస్ మిడ్-అమెచ్యూర్‌లో ఆడనిస్తారా అనీ కదా మీరు అడిగింది. చెక్కు ఇంకా తీసుకోలేదన్నారు, మంచిదైంది. తీసుకోకండి.

"వెయ్యి డాలర్ల దాకా పర్లేదు" అని మీ ఫ్రెండ్ చెప్పింది సగమే నిజం. 2022 నుంచి అమల్లో ఉన్న రూల్ ప్రకారం 1,000 డాలర్ల వరకు నగదు తీసుకోవచ్చు, కానీ హ్యాండిక్యాప్ తీసెయ్యకుండా అసలు స్కోరే లెక్కించే స్క్రాచ్ పోటీల్లో మాత్రమే. నెట్ స్కోర్ పోటీలో నగదు ఎంత చిన్నదైనా సరే, తీసుకుంటే అమెచ్యూర్ హోదా పోతుంది. దాని బదులు ప్రో షాపులో (గోల్ఫ్ కోర్సులో సామాన్లు అమ్మే షాపు) వాడుకునే వోచర్ ఇమ్మని అడగండి. అది వెయ్యి దాటనంతవరకు ఇబ్బంది లేదు. నేనైతే కొత్త డ్రైవర్ (దూరం కొట్టే గోల్ఫ్ క్లబ్) కొనేసుకునేవాణ్ణి!

హెచ్1బీ గురించి టెన్షన్ వద్దు, ఏ దేశం వాళ్లయినా ఎంట్రీ వేయొచ్చు. వయసు మాత్రం 25 నిండాలి, హ్యాండిక్యాప్ ఇండెక్స్ (మీ ఆట స్థాయిని చూపే అంకె) కూడా నిర్వాహకులు పెట్టిన హద్దు దాటకూడదు. ఎంట్రీ ఆఖరి నిమిషం దాకా ఆపకండి. గడువు సాయంత్రం 5 అంటే తూర్పు టైమ్, మీకు 4 గంటలకే అయిపోతుంది. ఆలస్యమైతే తీసుకోరు.