గడియ దగ్గర ఆగిన కథ

యువ మిత్రునికి,

మీ కథ చేరింది. దానితోపాటు పంపిన ఉత్తరంలో ఆలస్యమైనందుకు మన్నించమని పదేపదే వేడుకున్నారు; ఒళ్ళు బద్ధకమని మిమ్మల్ని మీరే తిట్టుకున్నారు. కథ చదివాక ఆ మాట నమ్మలేకపోయాను. తండ్రి గది ముందు నిలబడి తలుపు గడియ మీద చెయ్యి వేసి కూడా తీయలేకపోయే కూతురిని బద్ధకస్తులెవరూ అలా రాయలేరు. అయితే ఆమె లోపలికి అడుగుపెట్టాక వాళ్ళిద్దరి మధ్య జరగవలసినదంతా నాలుగు వాక్యాల్లో తేల్చేసి చేతులు దులుపుకున్నారు. నాకు కోపం వచ్చింది అక్కడే.

మొదటి పేరాను నెలల తరబడి దిద్దానని మీరే రాశారు. ఆ దిద్దుబాటే మీ వాయిదా. తలుపు తీశాక ఆమె ఏం మాట్లాడాలో మీకు తెలియదు. ఆ తెలియకపోవడాన్ని భరించలేక, బాగా తెలిసిన గడియ దగ్గరే ఉండిపోయారు. రాయడం మాని బల్ల సర్దుకునేవాడికి తాను పని ఎగ్గొడుతున్నానన్న ఎరుకైనా ఉంటుంది, చెక్కుతూ కూర్చున్నవాడికి అదీ ఉండదు. సిరోయిస్, పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసిన వ్యాసంలో, పని కలిగించే ఇబ్బంది నుంచి ఆ పూటకు తప్పించుకోవడమే వాయిదాకు మూలమన్నారు. కథకుల విషయంలో ఆ తప్పించుకోవడం కష్టపడి పనిచేస్తున్నట్టే కనబడుతుంది.

ఈ జబ్బును పెంచి పోషించింది కథ ఎత్తుగడ, అంటే మొదలు, చూసి మురిసిపోయే సంపాదకులే. నా కథనొకదాన్ని ఏళ్ళ తరబడి సొరుగులో ఉంచుకున్న ఒక పెద్దమనిషి చివరికి కోరిన మార్పు ఒక్కటే: మొదటి వాక్యం ఇంకాస్త మెరవాలట! పోటీల న్యాయనిర్ణేతలు మొదటి పేజీ దాటి చదువుతారన్న నమ్మకం నాకు నేటికీ లేదు.

రాత్రిపూట ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఒక గ్యాలీకీ, అంటే దిద్దడానికి వచ్చే ప్రూఫు కాగితానికీ, మరో గ్యాలీకీ నడుమ దొరికిన కాస్త వ్యవధిలో రాసుకునేవాణ్ణి. కొత్త ప్రూఫు బల్ల మీద పడగానే వాక్యం సగంలో ఆగిపోయేది. అప్పుడు విసుక్కున్నా, మరునాడు కాగితం తీస్తే ఆ సగం వాక్యాన్ని పూర్తి చేయడానికి రాసే మూడ్ ఏదీ అక్కరలేకపోయేది. అది పూర్తయ్యేసరికే తర్వాతి వాక్యం అందేది. వెనక్కి వెళ్ళి మొదటి పేరాను చూసి మురిసే తీరిక లేదు కనుక కథ ముందుకే నడిచేది.

అందుచేత మీ మొదటి పేజీని ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, కథ ముగిసేదాకా అడిగినా తిరిగి ఇవ్వవద్దని చెప్పండి. తండ్రీకూతుళ్ళ మాటలు ఎంత పేలవంగా వచ్చినా రానివ్వండి. తర్వాత ఏం రాయాలో తెలిసిన చోటే, వాక్యం మధ్యలో, ఏ రోజుకారోజు లేవండి.

ఇక క్షమాపణల సంగతి. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము మన్నించుకున్నవారు తర్వాతి పరీక్షకు వాయిదా తగ్గించుకున్నారని తేలింది. కనుక నన్ను వేడుకోవడం మాని, ఆ మన్నింపేదో మీకు మీరే ఇచ్చుకోండి. కలంపేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించీ కథ పూర్తయ్యాక అడగండి. ఈసారి కొట్టివేతలతో ఉన్న చిత్తుప్రతినే పంపండి. సాపుప్రతి నాకు వద్దు.