వంకాయ తోటలో ఎర్రనల్లి: ప్రొపర్‌గైట్ కొట్టే ముందు ఇది చదువు

నాయనా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఆకు మీద సన్నటి తెల్లచుక్కలు, పోను పోను రాగిరంగు, అంచులు ఎండడం, ఇదంతా నల్లి లక్షణమే. అయినా ఫోటో చూసి మందు చెప్పను. పొద్దున్నే తోటలోకి పోయి ముదురాకు ఒకటి తిప్పి చూడు. ఆకు ఈనెల పక్కన సన్నటి బూజులాంటి గూడు, అందులో ఇసుక రేణువంత ఎర్రచుక్కలు కనిపిస్తాయి. ఆకును తెల్లకాగితం మీద దులిపి కాసేపు చూడు, చుక్కలు నడిస్తే నల్లే. ఆ పక్కనున్న మిరప సాళ్లు కూడా చూడు. ఆకు కిందికి ముడుచుకుంటే నల్లి, పైకి ముడుచుకుంటే తామర పురుగు, ఈ రెండింటికీ మందులు వేరు.

అంగట్లో ఇచ్చిన పురుగుమందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదన్నావే, తగ్గదు. నల్లి ఎనిమిది కాళ్ల జీవి, సాలీడు జాతి, పురుగులకు కొట్టే చాలా మందులు దానికి పని చెయ్యవు. పైగా సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే రకం పురుగుమందులు కొడితే నల్లిని తినే అక్షింతల పురుగులు చచ్చిపోయి నల్లి ఇంకా పెరుగుతుంది. మన చిత్తూరు ఎండలకి గుడ్డు పెద్ద నల్లి కావడానికి వారం, పది రోజులు చాలు. డైకోఫాల్ అనే నల్లిమందు పాత డబ్బా ఏదైనా ఇవ్వజూపితే మాత్రం తీసుకోవద్దు, దాన్ని మన దేశంలో 2023లోనే నిషేధించారు.

ప్రొపర్‌గైట్ 57 శాతం ఈసీ (నీళ్లలో కలిపి కొట్టే చిక్కటి ద్రవం) నల్లి కోసమే చేసిన మందు. నల్లి కణాల్లో శక్తి తయారవకుండా ఆపేస్తుంది. కొట్టిన వెంటనే చావలేదని కంగారుపడి మర్నాడే ఇంకో మందు పట్టుకోవద్దు, రెండు మూడు రోజులు ఆగు. ఇది మొక్కలోకి ఇంకి పాకే మందు కాదు, తగిలిన చోటే పని చేస్తుంది. నల్లి ఉండేది ఆకు కింద కాబట్టి నాజిల్ కింది నుంచి పైకి పట్టి అడుగు తడిసేలా కొట్టాలి. మీ వాళ్లు పైపైన చల్లి మందు నకిలీదని అంగడివాణ్ణి తిడతారు, అసలు లోపం అక్కడే ఉంటుంది.

వంకాయకి ఎకరాకు 400 మి.లీ., అంటే 16 లీటర్ల ట్యాంకుకి 40 మి.లీ. లెక్కన పది ట్యాంకులు. మూతతో అందాజాగా పొయ్యొద్దు, కొలత గ్లాసు వాడు. డబ్బా మీద వేరే మోతాదు ఉంటే అదే పాటించు. మధ్యాహ్నం ఎండలో కొడితే ఆకు మాడుతుంది, సాయంత్రం గాలి తగ్గాక కొట్టు. బోర్డో మిశ్రమం లాంటి సున్నం మందులతో, నూనెలతో కలపొద్దు.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఇంకొకసారి చదువు. ఈ మందుతో అన్నిటికంటే పెద్ద భయం కంటికి. నీళ్లు కలపని చిక్కటి మందు ఒక్క చుక్క చిందినా కన్ను శాశ్వతంగా దెబ్బతినొచ్చు, చర్మం కూడా మండుతుంది. ప్రమాదం ఎక్కువగా జరిగేది డబ్బా మూత తీసి కొలిచేటప్పుడే, కానీ మన వాళ్లు ఆ పని ఉత్తచేతులతో చేసి, కొట్టేటప్పుడు ముక్కుకి తువ్వాలు కట్టుకుంటారు. పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా ఉంటేనే డబ్బా ముట్టు. కంట్లో పడితే రుద్దొద్దు, రెప్పలు తెరిచి పారే నీళ్లతో 15, 20 నిమిషాలు కడిగి, డబ్బా కూడా పట్టుకుని ఆసుపత్రికి పో. మింగితే వాంతి చేయించొద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి. కూలీకి వచ్చిన పిల్లాడికి కూడా ఇవన్నీ నువ్వే కొనివ్వాలి, వాడి కళ్లు కూడా కళ్లే కదా.

కొట్టాక వారం దాకా కాయ కొయ్యొద్దు, మార్కెట్లో ఎంత రేటున్నా సరే. ఈ మందు క్యాన్సర్ తెస్తుందేమోనన్న అనుమానంతో 1996లో అమెరికాలో ఆపిల్, పీచ్ లాంటి కొన్ని పంటల మీద వాడకాన్ని తయారీ కంపెనీయే ఆపేసింది. మన కాయ తినేది పసిపిల్లలు కూడా. చేపలకిది చాలా విషం, ట్యాంకు చెరువులో గానీ కాలువలో గానీ కడగొద్దు. పక్క చేలో మల్బరీ ఉంది కదా, వాళ్లకి ముందే చెప్పి, గాలి అటు వీస్తుంటే ఆ రోజు మానుకో. ఆకు మీద మందు పడితే పట్టుపురుగుల బ్యాచ్ పోయే ప్రమాదం ఉంది.

గుడ్ల మీద దీని పట్టు తక్కువ, అందుకే ఆరేడు రోజులకి మళ్లీ ఆకులు తిప్పి చూడు. పిల్లనల్లి కనిపిస్తే రెండోసారి ఇదే కొట్టొద్దు, నల్లి దీనికి అలవాటు పడిపోతుంది. స్పైరోమెసిఫెన్ అనే ఇంకో నల్లిమందుకి మారు, అది గుడ్ల మీద కూడా పని చేస్తుంది. కొట్టే ముందు రైతు సేవా కేంద్రంలో అగ్రికల్చర్ అసిస్టెంట్‌కి ఆకు చూపించు, లేకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి తెలుగులోనే అడగొచ్చు. ఆకు అడుగుభాగం ఫోటో దగ్గరగా తీసి నాకు పంపు, అది చూశాకే డబ్బా కొందువు గానీ.

మీ పెదనాన్న