అడిగారు – చెబుతున్నాం: మోళ్ళ నుంచి లేచిన ఓక్ అడవి

ప్రశ్న: అమెరికాలో అప్పలాచియన్ కొండల ఎండు గట్ల మీద ఒకే మొదలు నుంచి రెండు మూడు మానులు లేచిన ఓక్ చెట్లు ఎక్కువ. ఈ అడవి ఆది నుంచీ ఉన్నదా, నరికాక పెరిగిందా?

జవాబు: చాలామటుకు నరికాక పెరిగిందే. ఓక్‌ని కొట్టేస్తే మోడు చుట్టూ పిలకలు వేస్తుంది. వాటిలో రెండు మూడు నిలదొక్కుకుని మానులవుతాయి. 19వ శతాబ్దంలో ఇనుప కొలిములకు బొగ్గు కావాలని ఈ కొండల్ని పదేపదే నరికారు. వాలులో సుమారు 10 మీటర్ల అడ్డుకొలతతో గుండ్రటి చదును కనబడితే ఆకులు పక్కకు నెట్టి చూడండి. మన్ను నల్లగా, బొగ్గు పలుకులతో ఉంటే అది బొగ్గు బట్టీ పెట్టిన చోటు.

దున్ని వదిలేసిన నేల తీరు వేరు. చెట్లు వేళ్ళతో సహా కూలితే మిగిలే గుంటలూ దిబ్బలూ అక్కడ చెరిగిపోయి నేల సాపుగా ఉంటుంది. హకిల్‌బెర్రీ పొద మరో ఆనవాలు. అది భూమిలోపలి కాండంతో మెల్లగా పాకుతుంది గనుక, నాగలి తిరిగిన చోటికి మళ్ళీ రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. దట్టంగా అల్లుకుని ఉందంటే ఆ నేల నరుకుడు చూసిందే గాని దున్నుడు చూడలేదని అనుకోవచ్చు.

లావుని బట్టి వయసు చెప్పకండి. ఎండు గట్టు మీది సన్నటి చెస్ట్‌నట్ ఓక్ (ఇది ఓక్‌లోనే ఒక రకం) లోయలోని లావుపాటి ఓక్ కన్నా ముసలిది కావచ్చు. బోరర్‌తో, అంటే మానులోకి తిప్పి సన్నటి పుల్లలాంటి ముక్క తీసే బోలు బరమాతో, తీసిన పుల్లలో వలయాలు లెక్కపెట్టాల్సిందే. ఓక్‌లో అవి స్పష్టంగా కనబడతాయి, మేపుల్ చెట్టులో కళ్ళు చిట్లించాలి. ఒకే మొదలు నుంచి లేచిన గుబురులో ప్రతి మాను లావునూ 1.37 మీటర్ల ఎత్తున కొలిచి, అన్నిటికీ ఒకే చెట్టు నంబరు వేయండి. లేకపోతే చెట్ల లెక్క రెట్టింపవుతుంది.

ఇప్పుడున్నంత ఓక్ వాటా మునుపటిదని కూడా అనుకోవద్దు. 1904లో న్యూయార్క్‌లో బయటపడ్డ తెగులు అమెరికన్ చెస్ట్‌నట్ అనే వేరే జాతి పెద్ద చెట్లని తుడిచిపెట్టింది. ఆ ఖాళీలో చాలా భాగం ఓక్‌దే అయింది. చెస్ట్‌నట్ వేళ్ళు ఇప్పటికీ పిలకలు వేస్తాయి, కొన్నేళ్ళకు తెగులు మళ్ళీ పడుతుంది.

ప్రశ్న: ఈ ఓక్‌ల కింద మాత్రం ఎర్ర మేపుల్ మొక్కలే. పైచెట్లు కొన్ని నరికి వెలుతురిస్తే ఓక్ వస్తుందా?

జవాబు: కింద ఓక్ మొక్కలు ముందే లేకపోతే రాదు, ఆ వెలుతురు మేపుల్‌కే పోతుంది. అడవిలో మంటలు రేగకుండా ఆపేశాక పలచటి బెరడున్న మేపుల్ బతికి, నీడకు ఓర్చుకుని పెరిగింది. ఒక్కసారి కాల్చినంత మాత్రాన పోదు, మొదలు నుంచి పిలక వేస్తుంది. నరికే ముందు నడుమెత్తు దాటిన ఓక్ మొక్కలు లెక్కపెట్టండి. తగినన్ని లేకపోతే గొడ్డలి పక్కన పెట్టి, ముందు జింకలు మేయకుండా కంచె వేయండి.