అద్దె డబ్బు బ్రోకరు చేతిమీదుగా రానివ్వకండి

ప్రశ్న: విజయనగరం బాలాజీనగర్‌లో మా ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. నాన్నగారు పోయాక అమ్మ హైదరాబాద్‌లో నా దగ్గరే ఉంటోంది. కింది పోర్షన్‌కి 9,000, మేడ మీద పోర్షన్‌కి 7,500 అద్దె. అక్కడి బ్రోకరు ఒకాయన రెండూ వసూలు చేసి నాకు ఫోన్‌లో పంపిస్తాడు. అయిదు నెలలుగా మేడ మీదవాళ్ళ అద్దె 18, 20 తారీఖులకు గానీ రావడం లేదు. అదేమంటే 'వాళ్ళంతే సార్, మార్చేద్దాం' అంటున్నాడు. ఇకపై వసూలులో 10 శాతం, కొత్తవాళ్ళని పెట్టినప్పుడల్లా ఒక నెల అద్దె, అమ్మ దగ్గర నుంచి జీపీఏ (ఆవిడ తరఫున వ్యవహారాలు చూసేందుకు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కావాలంటున్నాడు. అమ్మకి కుటుంబ పెన్షన్ నెలకు 28,000 వస్తుంది. ఒప్పుకోమంటారా? కొత్తవాళ్ళని ఎలా చూసుకోవాలి?

జవాబు: మేడ మీదవాళ్ళని ఖాళీ చేయించే ముందు ఒక్క ఫోన్ చేయండి, వాళ్ళకే. ఈ అయిదు నెలలూ అద్దె ఏ తారీఖున ఇచ్చారు, చేతికిచ్చారా, ఫోన్‌లో కొట్టారా అని అడగండి. ఫోన్‌లో కొట్టుంటే స్క్రీన్‌షాట్లు పంపమనండి. వాళ్ళు 5న ఇచ్చిందే మీకు 18న చేరుతోందేమో, ప్రస్తుతం మీకు తెలిసే దారి లేదు. బ్రోకరు తప్పు చేస్తున్నాడని నేననను. ఆలస్యం ఎవరిదో చెప్పే కాగితం ముక్క మీ దగ్గర లేదంటున్నాను. అది తేలకుండా మనుషుల్ని మారిస్తే, రేపొచ్చేవాళ్ళూ మీ లెక్కలో 18వ తారీఖు మనుషులే అవుతారు.

వచ్చే నెల నుంచి రెండు అద్దెలూ నేరుగా అమ్మగారి బ్యాంకు ఖాతాలో పడాలి. ఇన్నాళ్ళూ బ్రోకరుకే ఇచ్చినవాళ్ళు, ఉన్నట్టుండి కొత్త ఖాతా నంబరు వస్తే ఇదేదో మోసమనుకుంటారు. అలా అనుకోవడమే మంచిది కూడా. అందుకని ముందు వీడియో కాల్ చేసి అమ్మగారితో మాట్లాడించండి. తర్వాత పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో పంపండి. ముందు ఒక్క రూపాయి వేయించి, అందిందని అమ్మగారు చెప్పాక మిగతాది వేయమనండి. బ్రోకరుకి కూడా అదే రోజు చెప్పేయండి.

జీపీఏ మాట పక్కన పెట్టేయండి. జనరల్ పవర్‌లో రాసిన మాటల్ని బట్టి ఇల్లు అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు కూడా చేతులు మారిపోతాయి. టు-లెట్ బోర్డు కట్టడానికీ కుళాయి బాగు చేయించడానికీ అంత అవసరం ఏముంది? తెల్ల కాగితం మీద అమ్మగారు ఒక అధికార పత్రం రాసిస్తే చాలు: ఇల్లు చూపించవచ్చు, తాళాలు ఇవ్వవచ్చు, చెప్పిన రిపేర్లు చేయించవచ్చు అని. కింద ఇంకో వాక్యం తప్పనిసరి: అద్దె గానీ అడ్వాన్సు గానీ తీసుకునే అధికారం, ఒప్పందం మీద సంతకం పెట్టే అధికారం ఇతనికి లేదు. ఒప్పందం హైదరాబాద్‌కి కొరియర్లో తెప్పించుకుని అమ్మగారే సంతకం పెట్టొచ్చు. అది ఇబ్బందైతే అద్దె వ్యవహారం మటుకే చూసేలా మీ పేర స్పెషల్ పవర్ రాయించుకోండి.

ఇక అతని లెక్క. రెండు పోర్షన్లకీ ఏడాదికి 1,98,000. అందులో 10 శాతం 19,800. ఏటా రెండూ మారాయనుకుంటే ఇంకో 16,500. మొత్తం 36,300, అంటే అద్దెలో 18 శాతం పైనే. పైగా మనుషులు మారినప్పుడల్లా అతనికి డబ్బొస్తుంది కాబట్టి, ఉన్నవాళ్ళని నిలబెట్టాలన్న తొందర అతనికి ఉండదు. 'మార్చేద్దాం' అన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో మీరే ఆలోచించండి. నేనైతే ఇలా మాట్లాడతాను: కొత్తవాళ్ళని పెడితే అర నెల అద్దె, అది కూడా వాళ్ళు మూడు నెలలు సరిగ్గా కట్టాక. మూడు నెలలకోసారి ఇల్లు చూసి వచ్చినందుకు 500. రెండు పోర్షన్లూ ఏటా మారినా 10,250 దాటదు.

ఆ చూసి రావడం ఊరికే గేటు దాకా వెళ్ళి రావడం కాకూడదు. కరెంటు మీటరు రీడింగు, ట్యాంకు కింద స్లాబు, బాత్రూం గోడకి అటువైపు చెమ్మ, గుమ్మాల అడుగున చెద, డాబా మీద నీళ్ళు పోయే గొట్టం — వీటి ఫోటోలు రావాలి. ఆ గొట్టం సంగతి అక్టోబరుకు ముందే చూడమనండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసిన జిల్లా మనది. ఆకులడ్డం పడి డాబా మీద ఒక్క రోజు నీళ్ళు నిలిస్తే కింద సీలింగంతా మరకలే.

రిపేర్లలోనే డబ్బు ఎక్కువ కారుతుంది. వెయ్యి దాటే ఏ పనికైనా ముందు ఫోన్, తర్వాతే పని. 'మోటారు కాలిపోయింది, కొత్తది వేశా' అంటే పాత మోటారు ఫోటో, కొత్తదాని పెట్టె మీద సీరియల్ నంబరు, వారంటీ కార్డు, షాపు బిల్లు అడగండి. చాలాసార్లు వైండింగ్ కట్టించి కొత్త మోటారు ధర రాస్తారు. పాత సామాను ఇంట్లోనే ఉంచమని ముందే చెబితే సగం కథలు పుట్టవు.

కొత్తవాళ్ళ విషయానికొద్దాం. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళని మన ఊళ్ళో అడిగే మొదటి మాట 'మీరేవిట్లు?' అని, అంటే కులం ఏమిటని. ఆ జవాబుకీ అద్దె సమయానికి పడటానికీ ఏ సంబంధమూ లేదు. అడగాల్సింది జీతం ఎంత, ఎవరిస్తారు, ఏ తారీఖున పడుతుంది అని. 7,500 అద్దెకి ఆ ఇంట్లో అందరికీ కలిపి చేతికొచ్చేది 22,500కి తగ్గకూడదు. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమనండి. జీతం ఒక్కటే చూసి ఆగకండి. 5, 7 తారీఖుల్లో 'ఈసీఎస్ రిటర్న్' అనో 'ఎన్ఏసీహెచ్ రిటర్న్' అనో ఛార్జీ పడిందేమో చూడండి. అంటే వాయిదా కట్టే రోజుకి ఖాతాలో డబ్బు లేదన్నమాట. మూడు నెలల్లో రెండుసార్లు కనిపిస్తే, నలభై వేల జీతగాడైనా సరే, ఇల్లివ్వద్దు. బ్యాంకు వాయిదాకే దిక్కులేనప్పుడు మీ అద్దె దాని తర్వాతే.

రెండో పరీక్ష పాత ఇంటి యజమాని. ఇప్పుడున్న ఇంటాయన్ని అడిగితే, వీళ్ళని వదిలించుకుంటే చాలని 'బంగారంలాంటి మనుషులండీ' అనేస్తాడు. అంతకు ముందున్న ఇంటివాళ్ళ నంబరు తీసుకోండి. ఎలాంటివాళ్ళు అని అడగొద్దు. ఏ నెలైనా 10వ తారీఖు దాటిందా, వెళ్ళేటప్పుడు అడ్వాన్సులో ఎంత పట్టుకున్నారు, ఎందుకు — ఇవి అడగండి. పాత ఇంటి ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు ఒకటి తెప్పించుకుని వెనకటి బకాయి ఉందేమో చూస్తే అలవాటు తెలిసిపోతుంది.

ఆధార్ ప్రింటు చూసి సరిపెట్టుకోకండి. ఆధార్ యాప్‌తో దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, ఫోటో అసలువేవో తెలుస్తాయి. కాపీ మటుకు చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. వివరాలు ఆ పరిధి పోలీస్ స్టేషన్‌లో కూడా ఇచ్చి ఉంచండి. భోగాపురం విమానాశ్రయం పనుల మీద వచ్చినవాళ్ళైతే కంపెనీ లెటర్ చూడండి. పని ఎప్పటిదాకానో తెలిస్తే, అయిపోగానే రాత్రికి రాత్రి లారీ ఎక్కించే బెడద తగ్గుతుంది.

ఒప్పందం గురించి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది: 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని. రిజిస్ట్రేషన్ చట్టానికి 1999లో మన రాష్ట్రం చేసిన సవరణతో ఏడాది లోపు లీజులు కూడా దాని కిందికే వచ్చాయి. నోటరీ కాగితంతో నెట్టుకొచ్చేవాళ్ళే ఎక్కువ గానీ, తగువు కోర్టుకెళ్తే అది పూర్తిగా నిలబడదు. రిజిస్టరు చేయించండి.

గడువు ఏ నెలలో ముగుస్తుందో కూడా చూసుకోండి. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్ళు మన వైపు తక్కువ. ఆగస్టు 1న మొదలెట్టి 11 నెలలు రాస్తే జూన్ 30న ఖాళీ అవుతుంది, సరిగ్గా ఆషాఢం వాకిట్లో. ఆ ఒప్పందం 9 నెలలకు రాసి ఏప్రిల్ 30తో ముగించండి. బళ్ళు తెరిచేలోగా మారేవాళ్ళు వేసవిలోనే వెతుకుతారు. కొత్తవాళ్ళు 10,000 ఇస్తారేమోనని 9,000 పోర్షన్ రెండు నెలలు తాళం వేసి ఉంచితే ఏడాదికి వచ్చేది లక్ష. వెంటనే 9,000కి ఇస్తే 1,08,000.

అడ్వాన్సు రెండు నెలలది చాలు. దాన్ని అద్దెకింద మినహాయించుకోకూడదని రాయాలి. లేకపోతే చివరి రెండు నెలలు 'అందులో కట్ చేసుకోండి' అంటారు, కరెంటు బకాయి, విరిగిన గీజరు మీకు మిగులుతాయి. మీటరు మీ పేరునే ఉంటుంది కాబట్టి బకాయి మీ ఇంటినే పట్టుకుంటుంది. తాళాలిచ్చిన రోజు ఫ్యాన్లెన్ని, తాళం చెవులెన్ని, మీటరు రీడింగెంత అన్నది ఒప్పందం వెనక రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆలస్యమైతే 10న వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. రెండో నెల కూడా ఎగ్గొడితే లాయరు చేత స్పీడ్ పోస్టులో నోటీసు. కోపం వచ్చి కరెంటు తీయించడం, తాళం వేయడం చేయొద్దు, అప్పుడు కేసు మీ మీద పడుతుంది.

చివరిగా పన్ను. అద్దె ఇన్నాళ్ళూ మీ ఖాతాకొచ్చినా, లెక్కలో అది ఇంటి యజమాని అయిన అమ్మగారి ఆదాయమే. ఇంటిపన్ను 6,000 అనుకుంటే 1,98,000లో అది పోను 1,92,000. అందులో 30 శాతం, అంటే 57,600, రిపేర్లు చేయించినా చేయించకపోయినా మినహాయిస్తారు. బ్రోకరు కమీషనుకి వేరే మినహాయింపు లేదు. మిగిలింది 1,34,400. పెన్షన్ 3,36,000లో కుటుంబ పెన్షన్‌కిచ్చే మినహాయింపు 25,000 తీసేస్తే 3,11,000. రెండూ కలిపి 4,45,400. 2025–26 కొత్త విధానంలో రిబేటు వల్ల పన్ను సున్నా. కానీ 4 లక్షలు దాటింది కాబట్టి రిటర్ను వేయాల్సిందే. ఇంటిపన్ను రసీదు ఉంటేనే ఆ 6,000 తగ్గుతుంది. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు. రసీదు మీద ఇంకా నాన్నగారి పేరే ఉంటే, ఈసారి ఊరెళ్ళినప్పుడు కార్పొరేషన్ ఆఫీసులో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టి రండి.